నీళ్ళ గెడ

"ఇంక నువ్వు నిచ్చెన ఎక్కక్కర్లేదులే. గెడ వచ్చీస్తాది కదా, పై అద్దాలు నాను సూసుకుంటాను. నువ్వు కిందవి గుడ్డెట్టి తుడుసుకో" అన్నాడు నరసింగరావు, విశాఖపట్నం పోయే బస్సులో వేరుశనగ కాయలు ఒలుచుకుంటూ.

పక్కన అతని భార్య తవిటమ్మ కూచుంది. ఒళ్ళో రెండు లీటర్ల సీసా ఉంది. అందులో విజయనగరంలో వాళ్ళింటి బోరు నీళ్ళు. మూత ఇంకోసారి బిగించింది.

ఏడేళ్ళుగా కొట్ల అద్దాలు తుడిచే పని ఆమెదే. ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తున్న రోజుల్లో, ఎదురుగా ఉన్న బట్టల షోరూం మేనేజరు తమ అద్దాలు కూడా వారానికోసారి తుడవమని అడిగితే మొదలైంది. ఒకటి నాలుగైంది, నాలుగు పద్దెనిమిదయ్యాయి. సోమ, మంగళవారాలు విజయనగరం, బుధవారం గజపతినగరం, గురువారం చీపురుపల్లి. "అద్దాలు తుడవడం కూడా ఓ పనేటే? ఇంట్లో కిటికీలు తుడిస్తే ఎవులైనా జీతమిస్తారేటి?" అని అత్తగారు లక్ష్మణమ్మ నవ్వింది. ఆ మాట తవిటమ్మకి చాలాకాలం గుచ్చుకుంది. ఇంట్లో కిటికీలు తుడిచేదీ తనే మరి. నిజమే, ఎవరూ ఇవ్వలేదు.

గరివిడిలో కాంట్రాక్టు పని అయిపోయాక నరసింగరావు కూడా ఇందులోకి వచ్చాడు. నెల తిరక్కుండానే కార్డులు అచ్చువేయించాడు. వాటి మీద ప్రొప్రైటరు నరసింగరావు. ఎక్కడం మాత్రం ఆమె వంతు. "నువ్వు తేలిగ్గా ఉంటావు, నాను నిచ్చెన పట్టుకుంటాను కదా" అనేవాడు. పోయిన వానాకాలం అతనికి ఫోనొచ్చింది. నిచ్చెన వదిలి రెండడుగులు పక్కకి వెళ్ళాడు. నిచ్చెన జారిపోయింది. ఆమె కొట్టు బోర్డు ఇనపచువ్వ పట్టుకుని, కాళ్ళు గాల్లో కొట్టుకుంటూ, కింద జనం అరుస్తూంటే వేలాడింది. కుడి భుజం లోపల ఏదో తెగినట్టయింది. డాక్టరు దగ్గర "సూసుకుని ఎక్కాలి కదండీ, ఇనదు" అన్నాడు నరసింగరావు. డాక్టరు తల ఊపాడు. కట్టు కట్టించుకుంటూ ఆమె ఇద్దరినీ చూసింది. నొప్పి కంటే ఆ తల ఊపడమే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఆ పైన నిచ్చెన ముట్టుకోనంది. ఇంతలో మూడంతస్తుల కొత్త డయాగ్నస్టిక్ సెంటరు వాళ్ళు ముందంతా అద్దమే కట్టి, వీళ్ళకి కబురు పెట్టారు. నీళ్ళ గెడ సంగతి ఫోన్లో వెతికి పట్టుకున్నది తవిటమ్మే. పొడుగాటి గెడ, కొసన బ్రష్షు, గెడ వెంబడి పైకెళ్ళే సన్నటి పైపు. మనిషి నేల మీదే నిలబడి రుద్దితే ఆ నీళ్ళే కడిగేస్తాయి. నీళ్ళలో ఉప్పు లేకపోతే గుడ్డ పెట్టక్కర్లేదు, అద్దం తనంత తనే మచ్చ లేకుండా ఆరిపోతుంది. నెలరోజులు వీడియోలు చూసింది, రాసుకుంది. బస్సెక్కేసరికి అది నరసింగరావు ఆలోచన అయిపోయింది.

విశాఖపట్నంలో ఆ గెడలమ్మే కొట్టు యజమాని యుగంధర్ కుర్చీ నరసింగరావుకి వేశాడు. "మేడం, మీరు టీ తాగండి. సార్‌కి డెమో చూపిస్తాను" అంటూ అన్నిటికంటే పొడుగ్గా ఉన్న అల్యూమినియం గెడ తీశాడు. ఐదంతస్తులకి అందుతుందట. పెరట్లో నిలబెట్టి పూర్తిగా సాగదీశారు. నరసింగరావు రెండు నిమిషాలు పట్టుకున్నాడో లేదో గెడ ఊగడం మొదలుపెట్టింది. బ్రష్షు వెళ్ళి రేకుల షెడ్డుకి తగిలింది. నీళ్ళన్నీ అతని నెత్తి మీదే పడ్డాయి.

"అలవాటైపోతే సరిపోతాది" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "ఇదే కట్టీయండి."

అలవాటైపోతే సరిపోతుంది. పెళ్ళైన కొత్తలో పొయ్యి పొగకి కళ్ళు మండుతున్నాయంటే అత్త ఆ మాటే అంది. నిచ్చెన చివరి మెట్టు మీద కాళ్ళు వణుకుతున్నాయంటే మొగుడు ఆ మాటే అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో తను అలవాటు పడనిది ఏముంది? వస్తువుని మనిషికి తగ్గట్టు తేవడం ఎవరికీ తోచదు, మనిషే వస్తువుకి తగ్గట్టు అరగాలి. టీ గ్లాసు అరుగు మీద పెట్టి తవిటమ్మ లేచింది.

"మా గజపతినగరంలో రెండు కొట్ల ముందరనించే కరెంటు తీగలెల్తాయి. ఈ గెడ తగిల్తే ఏటవుతాది?"

యుగంధర్ నరసింగరావు వైపు చూశాడు. ఆమె అక్కడే నిలబడింది.

"అల్యూమినియం ప్రమాదమేనండీ" అన్నాడు చివరికి. "కార్బన్‌ది చాలా తేలిక. కానీ అదీ కరెంటు లాగుతుంది. ఫైబర్‌గ్లాస్ నయం. అయినా తడి గెడ, ఏదైనా సరే, తీగల దగ్గరికి పోనివ్వకూడదు."

"అయితే ఆ రెండు కొట్ల పై అద్దాలు మనం సెయ్యలేమని సెప్పీస్తాను."

"ఏటే నువ్వు సెప్పీడం?" అన్నాడు నరసింగరావు.

ఆమె సీసా ముందుకు జరిపింది. "ఇవి మా నీళ్ళు. కొలవండి."

నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ముంచితే ఏడు వందల నలభై చూపించింది. యుగంధర్ మొహంలో నవ్వు తగ్గింది. "ఫోన్లో సార్ నీళ్ళు బాగుంటాయన్నారు. అందుకే ఉప్పు పీల్చుకునే రెజిన్ డబ్బా ఒక్కటి చాలన్నాను."

"తాగడానికి బాగుంటాయి. గిన్నె కడిగి ఆరబెడితే తెల్ల మచ్చలొస్తాయి. ఆయనకెలా తెలుస్తాది, గిన్నెలు కడిగేది నాను కదా?"

యుగంధర్ ఈసారి ఆమెవైపే తిరిగి చెప్పాడు. "ఈ నీళ్ళకి ముందు ఆర్వో ఫిల్టరు పెట్టాలమ్మా, తర్వాత రెజిన్. లేకపోతే రెజిన్ ఇట్టే అయిపోతుంది."

మూడంతస్తులకి సరిపోయే ఫైబర్‌గ్లాస్ గెడలు రెండు తెమ్మంది. ఒకటి సాగదీసి గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు పైకీ కిందికీ రుద్దింది. భుజం సలిపింది, దింపేసింది. రెండోదాని పట్టు సన్నంగా ఉంది, పిడికిట్లో ఇమిడింది. పదిహేను నిమిషాలైనా భుజం సలపలేదు.

"నువ్వెందుకే పట్టి సూడ్డం? పట్టీది నాను కదా" అన్నాడు నరసింగరావు. గొంతు తగ్గించాడు గానీ యుగంధర్‌కి వినిపించింది.

తవిటమ్మ గెడ దించలేదు.

"నిచ్చెనెక్కినన్నాళ్ళూ ఇది నా పనే కదా మావా? నేల మీద నిలబడి సేసీ మిషనొచ్చీసరికి మగోడి పనైపోనాదేటి? గెడ నాను పడతాను. నా సేతికి ఇమిడిందే కొంటాను."

యుగంధర్ ఫిల్టరు డబ్బాల మీద దుమ్ము తుడుచుకుంటూ కూచున్నాడు. నరసింగరావు రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. తవిటమ్మ తన గెడకీ, ఆర్వోకీ, రెజిన్ డబ్బాకీ డబ్బు కట్టి సామాను తీసుకుంది.

ఇల్లు చేరాక ఆ సంగతి అత్తదాకా వెళ్ళింది. "బజార్లో మొగుడి పరువు తీసీసినావట" అంది లక్ష్మణమ్మ. "నాను గాల్లో ఏలాడినప్పుడు ఆయన పరువు ఎక్కడికెల్నాది అత్తా?" అంది తవిటమ్మ. ముసలావిడ కోడలి భుజం వైపు చూసి, చెంబు తీసుకుని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్న సామానంతా ఆటోలో వేసుకుని ఒక్కర్తే డయాగ్నస్టిక్ సెంటరుకి వెళ్ళింది. పైపు బిగించింది. గెడ ఒక్కో ముక్కా సాగదీసింది. మూడో అంతస్తు అద్దం మీద బ్రష్షు ఆనగానే నీళ్ళు పరదాలా జారాయి. మేనేజరు కుసుమకుమారి బయటికొచ్చి నిలబడింది.

"తుడవరా?"

"ఆరనీయండమ్మా. అప్పుడు సూడండి."

ఇద్దరూ చూశారు. అద్దం ఆరింది. ఒక్క చుక్క మచ్చ లేదు.  ఏడేళ్ళలో తవిటమ్మ పై అద్దాన్ని భయం లేకుండా చూడటం ఇదే మొదటిసారి.

పది దాటాక నరసింగరావు వచ్చాడు. గేటు దగ్గర ఆగి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, పైకి చూశాడు, గెడ చూశాడు. కుసుమకుమారి తనని పలకరిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఆవిడ తవిటమ్మతో వెనకవైపు అద్దాల గురించి మాట్లాడుతోంది. ఆవిడ లోపలికి వెళ్ళాక మెల్లగా దగ్గరికొచ్చాడు.

"మరి నాకేటి పని?"

తవిటమ్మ కళ్ళు పై అద్దం మీంచి తిప్పలేదు.

"పైపు మడత పడకండా సూడు. ఫోనొచ్చినా వదలకు."