విత్తనానికి విడిచిన సాలు

వాళ్ళను రమ్మన్నది నేనే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మంచిది.

మా ఆయన నడుం పట్టేసి మంచమెక్కి నెల దాటింది. బెండతోటలో కలుపు మోకాలెత్తు పెరిగింది. రైతులకు ఉచితంగా పనిచేసిపెట్టే సంఘం ఒకటుందని విని, వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టేశాను.

"మన తోటలోకి ముక్కూ మొహం తెలియనివాళ్ళెందుకే? నువ్వూ నేనూ మెల్లగా లాక్కొద్దాం," అంది అత్త. ఆవిడకు చూపు దాదాపు పోయింది. ఇంకేం లాగుతుందిలే అని నవ్వాను.

ఆరుగురు పట్నం పిల్లలు దిగారు. వాళ్ళకు పెద్దగా వచ్చిన అమ్మాయి నిద్రలో కూడా టోపీ తీయదేమో అనిపించి, మేం ఆ పిల్లను టోపీ అనే పిలిచాం. ఉన్నమాట చెప్పాలి, ఒళ్ళు దాచుకునే రకం కాదు. రెండో రోజుకే అరచేతులు బొబ్బలెక్కినా ఒక్కరూ పని ఆపలేదు.

తోట చివరి సాలులో పన్నెండు మొక్కలున్నాయి. వాటి కాయలు కూరకు కోయం. చెట్టు మీదే ముదిరి, ఎండి, ఊపితే గలగలమనాలి. అప్పుడు గింజలు ఒలిచి బూడిదలో కలిపి కుండలో దాస్తాం. అత్త కాపురానికొచ్చిన నాటి విత్తనం అది. చుట్టుపక్కల వాళ్ళంతా పొట్లాల విత్తనానికి మారారు. కిందటేడు తెగులొచ్చి వాళ్ళ తోటలన్నీ పసుపెక్కిపోతే మాదొక్కటే పచ్చగా నిలబడింది. ఈసారి తలా గుప్పెడు ఇస్తానని అత్త అందరికీ మాటిచ్చింది. పక్కింటామె ఆ మాట నమ్ముకుని పొట్లం కొనడమే మానేసింది.

విత్తనానికి విడిచిన మొక్కకు పాత గుడ్డపీలిక కడతాం. పీలిక ఉన్నదాన్ని ముట్టుకోకూడదని మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. పుట్టిబుద్ధెరిగాక అందరికీ తెలిసిన సంగతే.

ఐదో రోజు అత్తను కంటి డాక్టరుకు చూపించడానికి బయల్దేరుతూ గట్టు మీంచి కేకేశాను. "టోపీ! ఈ పూటతో తోటంతా శుభ్రం చేసెయ్యండమ్మా! ఒక్క పిచ్చిమొక్క మిగలకూడదు!"

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి పిన్నీ. వచ్చేసరికి అద్దంలా ఉంటుంది."

అద్దంలాగే ఉంది. చివరి సాలు లేదు. పీకి, కుప్పవేసి, తగలబెట్టి, ఆ బూడిద ఎరువుగా తోటంతా చల్లారు.

"రోగమొచ్చిన మొక్కలనుకున్నాం పిన్నీ. ఆకులన్నీ రాలిపోయి, కాయలు ఎండిపోయి ఉన్నాయి కదా," అంది టోపీ. "గుడ్డలు మాత్రం పారెయ్యలేదు. ఉతికి ఆరేశాం."

తీగ మీద పన్నెండు పీలికలూ వరసగా ఆరుతున్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఏడు తరాలనూ తిట్టిపోద్దామనుకున్నాను. కానీ ఆ బొబ్బల చేతులు చూశాక, నేనేసిన కేక నా చెవుల్లోనే మోగాక, తిట్టబుద్ధి కాలేదు.

"మంచి పని చేశారమ్మా," అన్నాను.

వెళ్ళేరోజు కానుకగా బెండవిత్తనాల పొట్లం చేతిలో పెట్టి ఫోటో తీశారు. నవ్వమన్నారు. నవ్వి చచ్చాను.

అత్తకు చెప్పలేదు. తొలివాన పడగానే, "గింజలు తేవే, ఓసారి చూస్తాను," అంది. ఇప్పుడు ఆవిడ చూడటమంటే వేళ్ళతోనే. నేను వంటింట్లోకి పోయి పొట్లం చింపాను. గింజలకు పట్టిన గులాబీరంగు మందు వదిలేదాకా మూడుసార్లు కడిగాను. పొయ్యి దగ్గర ఆరబెట్టి, బూడిదలో పొర్లించి, తెచ్చి ఆవిడ దోసిట్లో పోశాను. దొంగకు కూడా అంత ఓపిక ఉండదు.

అత్త ఒక గింజను వేళ్ళ మధ్య తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో గింజ తీసి మళ్ళీ వాసన చూసింది.

"మనవేనా?"

"మనవే అత్తయ్యా."

"నువ్వు చెబుతున్నావుగా," అని గుప్పిట మూసింది. "అయితే పక్కింటామెను పిలు."

ఆమె గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది. అత్త తన చేత్తోనే గుప్పెడు పోసింది.

"ఇంక నా తోటకు దిగుల్లేదు పెద్దమ్మా," అంటూ పక్కింటామె ఆ గిన్నెను కళ్ళకద్దుకుంది.

అత్త మొహం నా వైపే తిరిగి ఉంది. ఇప్పుడైనా నిజం చెబుతానని చూస్తోందేమో. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పక్కింటామె గడప దాటి వెళ్ళిపోయింది.