ఈరమ్మ తెచ్చిన చెప్పులు

కిష్టయ్య చెప్పులు విడిచింది రాకేష్ దినాల రోజున.

రాకేష్ అతనికి మేనల్లుడు. చిన్నాయన కూతురు ఈరమ్మకు ఒక్కగానొక్క కొడుకు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతానని జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి నిజాంపేటలో హాస్టల్లో ఉండేవాడు. ఆదివారమైతే చాలు, కొండాపూర్ బస్తీలో కిష్టయ్య ఉండే రేకుల ఇంటికి వచ్చేవాడు. అత్త యాదమ్మ వండిన కూర తింటూ మామతో తెలంగాణ ముచ్చట పెట్టేవాడు. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో ప్రకటించినప్పుడు బస్తీ అంతటికీ మిఠాయి పంచింది వాడే. పక్షం తిరగకముందే ఆ మాట వెనక్కి పోయింది. ఆ చలికాలంలోనే పిల్లాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు.

దినాల నాటికి ఈరమ్మ ఏడవడం కూడా మానేసింది. గోడకు ఆనుకుని వాకిలి వైపు చూస్తూ కూచుంది. కిష్టయ్య ఆమె ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెల్లె, తెలంగాణ వచ్చేదాక నేను కాలికి చెప్పు తొడగ. నీ కొడుకు మీద ఒట్టు."

ఆ మాట విని అక్కడున్న మరికొందరు మగవాళ్ళు కూడా చెప్పులు వాకిట్లోనే వదిలేశారు. వాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ తొడుక్కున్నారు. వాళ్ళను ఎవరూ తప్పు పట్టలేదు. కిష్టయ్య మాత్రం తొడుక్కోలేదు.

అప్పటికే అతనికి షుగరు ఉంది. మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ పని. నల్ల బూట్లు లేకుండా గేటు దగ్గర నిలబడితే కుదరదన్నారు. అక్కడి మేనేజరు ఉదయ్ భాస్కర్ కోస్తా నుంచి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు. "బూట్లు లేకుండా డ్యూటీ ఎలాగండి కిష్టయ్యగారూ? నా చేతిలో లేదు," అని కాసేపు ఆలోచించి అతన్ని తోటపనిలోకి మార్చాడు. అదే బిల్డింగులో యాదమ్మది హౌస్‌కీపింగ్ పని. నాలుగో అంతస్తు తుడుస్తూ అద్దంలోంచి కిందికి చూస్తే, గడ్డికి నీళ్ళు పడుతూ ఒట్టి కాళ్ళతో తిరిగే మొగుడు కనిపించేవాడు. లోపల చల్లని గాలి, బయట మండే బండలు. అద్దం మీద కొట్టినా అతనికి వినబడదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒకనాడు ఇంట్లో గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి. అతను కాళ్ళు కడుక్కుని చాలాసేపయింది. యాదమ్మ అతన్ని కూచోబెట్టి పాదం ఎత్తి చూసింది. అరికాలి తోలు అప్పడంలా లేచి, చిట్లి, నీరు కారుతోంది. ఫౌంటెను చుట్టూ పరిచిన బండల మీద మధ్యాహ్నమంతా పైపు లాగాడట.

"గింత కాలింది, నీకు తెల్వలేదా?"

"తెలుస్తే చెప్పకపోదునా?" అన్నాడు కిష్టయ్య. తన కాలినే పరాయి కాలిలా చూశాడు.

కె.పి.హెచ్.బి. కాలనీలో షుగరువాళ్ళ పాదాలు చూసే డాక్టరమ్మ ఉందని పనిలో ఎవరో చెబితే అక్కడికి తీసుకుపోయింది. డాక్టర్ రత్నమాల. యాభై ఏళ్ళావిడ, గోదావరి జిల్లా మాట. పుండు శుభ్రం చేశాక ఆమె సన్నటి దారంలాంటి పుల్ల తీసింది. "కళ్ళు మూసుకోండి. ఇది ఎక్కడ తగిలితే అక్కడ చెప్పండి," అంది. బొటనవేలు, చిటికెనవేలు, మడమ, పాదం నడుమ, రెండు కాళ్ళకూ ఆనించింది. యాదమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. కిష్టయ్య కళ్ళు మూసుకుని బుద్ధిగా కూచున్నాడు.

కాసేపటికి అడిగాడు: "ఇంక మొదలువెట్టలేదా డాక్టరమ్మా?"

రత్నమాల పుల్ల పక్కన పెట్టేసింది.

"అయిపోయిందండి. మీ పాదాలకి స్పర్శ పోయింది. మేకు దిగినా, నిప్పు తగిలినా మీకు తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా అడుగు వెయ్యకూడదు. మెత్తటి అట్ట ఉండాలి, వెనక పట్టీ ఉండాలి. వేలి సందులోంచి పట్టీ వచ్చే చెప్పులు మాత్రం అస్సలు వద్దు. పాదం కొలత ఇస్తే మా పక్కనున్న దుకాణంలో కుట్టిస్తాను."

కిష్టయ్య తల అడ్డంగా ఊపాడు. ఒట్టు సంగతి చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. కానీ చివర్న "మీకు తెల్వది డాక్టరమ్మా, మీరు ఆ దిక్కువాళ్ళు," అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. కట్టు కట్టడం పూర్తిచేసి, అతను బయటికి నడిచాక యాదమ్మను ఆపింది.

"నేను చెప్పులు వేసుకోమంటే ఆయనకి తెలంగాణ మానుకోమన్నట్టు వినిపిస్తోందమ్మా. నేనేం చెయ్యను? ఆయన మాట వినేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళచేత చెప్పించండి."

కాలిన పుండు మానేసరికి వానాకాలం వచ్చింది. అన్నాళ్ళూ యాదమ్మ పొద్దున్నే అతని అరికాలు తన ఒళ్ళో పెట్టుకుని చూసేది, మందు రాసేది, బతిమాలేది. తిట్టింది కూడా. ఒకసారి అన్నం తినకుండా పడుకుంది.

"ఒట్టేసింది నీకు కాదు గదనే, నువ్వు తీసేయమంటే తీసేయనీకి," అన్నాడు కిష్టయ్య.

ఆ మాటతోనే ఆమెకు దారి తోచింది. మర్నాడు పనికి పోకుండా జనగామ బస్సెక్కింది.

ఈరమ్మ చేనులో కలుపు తీస్తోంది. గట్టు మీద కూచుని యాదమ్మ అంతా చెప్పింది. కాలిన అరికాలు గురించి చెప్పింది. పుల్ల ఆనిస్తే తెలియకపోవడం గురించి చెప్పింది.

"నీ కాళ్ళు మొక్కుత ఈరమ్మా. ఒక్క మాట చెప్పు ఆయనకు. ఏసుకోమని చెప్పు."

ఈరమ్మ చేతికంటిన మట్టి దులుపుకుంది. "నాకెందుకు చెప్పలేదు వదినె ఇన్నొద్దులు?" అంది. "నా కొడుకును ఆపలేకపోయిన. అన్నను గూడ పోగొట్టుకుంటనా? నువ్వు పో. నేనొస్త."

వచ్చింది. భాద్రపదం మొదట్లో, సంచిలో మక్క కంకులతో పాటు గుడ్డలో చుట్టిన చెప్పుల జత పట్టుకుని వచ్చింది. ఊళ్ళో పాత కాలం మనిషి ఒకడు మిగిలాడు, తోలు చెప్పులు చేత్తో కుట్టేవాడు. వాడి వెంటపడి కుట్టించుకొచ్చింది. దళసరి తోలు, బొటనవేలు దూర్చే ఉంగటం, వేలి సందున గట్టి పట్టీ, కొత్త నూనె వాసన. వాటిని కిష్టయ్య ముందు పెట్టింది.

"ఏసుకో అన్నా. నేను చెప్తున్న. నీ ఒట్టు నా తాన ఉన్నది, నేను ఇడిచిన. తెలంగాణ వచ్చిననాడు చూడనీకి నువ్వన్న ఉండాలె."

ఈరమ్మే వంగి, పసివాడికి తొడిగినట్టు, అతని కాళ్ళకు తొడిగింది. అతను లేచి ఇంటి వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. కిర్రుకిర్రుమని చప్పుడు. కొడుకు పోయాక ఈరమ్మ నవ్వడం యాదమ్మ మళ్ళీ అప్పుడే చూసింది.

యాదమ్మకు డాక్టరమ్మ మాట గుర్తుకు రాకపోలేదు. మెత్తటి అట్ట. వెనక పట్టీ. వేలి సందున మాత్రం వద్దు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఊరంతా తిరిగి కుట్టించిన చెప్పులను పనికిరావని ఎట్లా అంటుంది? అంటే మొగుడు వాటిని విడిచేస్తాడు. విడిచినవాడు ఇంకో జతను తాకడు. నాలుగు రోజులు పోనీ, మెల్లగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి మార్పిస్తానని మనసుకు చెప్పుకుంది.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది.

బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. మాదాపూర్ కంపెనీలు మాత్రం తెరిచే ఉన్నాయి, యాదమ్మ నడిచి పనికి పోయి నడిచి వచ్చేది. కె.పి.హెచ్.బి. వెళ్ళాలంటే సగం రోజులు ఆటోలు కూడా దొరకలేదు. కిష్టయ్య తోటపనికి పోవడం మానేసి చౌరస్తాలో వేసిన దీక్ష టెంటుకు పోయేవాడు. ఊరేగింపుంటే ముందు వరసలో నడిచేవాడు. ఈరమ్మ చెప్పులు కాలికి ఉన్నాయన్న ధైర్యంతో ఇంకా దూరం నడిచేవాడు. పడుకునేప్పుడు తప్ప విడిచేవాడు కాదు.

పొద్దున్నే యాదమ్మ మానకుండా అరికాళ్ళు చూస్తూనే ఉంది. మునుపు కాలిన చోట కొత్త తోలు గులాబి రంగులో నునుపుగా ఉంది. మడమ బాగుంది. ఆమెకు సంతోషం వేసేది. వేళ్ళు విడదీసి సందుల్లోకి చూడాలని ఆమెకు తోచలేదు. దెబ్బ తగిలింది అరికాలికి కదా, కళ్ళు అక్కడికే పోయేవి.

ఒకరోజు పని నుంచి వచ్చేసరికి అతను పట్టపగలే దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఇంట్లో వాసన. ఎలక చచ్చిందేమోనని మూలలన్నీ వెతికింది. మంచం దగ్గరికొచ్చేసరికి వాసన ఎక్కువైంది. దుప్పటి తొలగించింది. కుడి పాదం ఉబ్బి మెరుస్తోంది. బొటనవేలు, పక్క వేలు విడదీసింది. పట్టీ కోసుకుపోయిన సందు లోతుగా నల్లబడి ఉంది. ఆమె వేళ్ళకు తడి తగిలింది.

"నొస్తున్నదా?" అని అడిగింది, అడక్కుండా ఉండలేక.

"లేదే. చలి ఒక్కటే," అన్నాడు కిష్టయ్య.

పక్కింటి ఫోను నుంచి డాక్టరమ్మకు చేసి, చెప్పులు తొడుగుతూనే ఉన్నా వేళ్ళ సందు నల్లబడిందని చెప్పింది. రత్నమాల మొత్తం వినలేదు. "నా దగ్గరికి కాదమ్మా, ఇది నా చెయ్యి దాటింది. నూట ఎనిమిదికి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ క్షణమే." తర్వాత అడిగింది: "చెప్పులు వేసుకుంటున్నారన్నారు కదా. ఎలాంటి చెప్పులమ్మా?"

యాదమ్మ చెప్పింది. "సరే, బయల్దేరండి," అంది డాక్టరమ్మ. గొంతు మారిపోయింది.

పెద్ద దవాఖానలో ముందు రెండు వేళ్ళు తీశారు. దాంతో ఆగుతుందన్నారు. ఆగలేదు. పాదం సగం తీయాలన్నారు. ఆ కాగితం మీద వేలిముద్ర పడిన మర్నాడే, అది చాలదు, మోకాలి కింద దాకా తీయాలన్నారు. ప్రతిసారీ యాదమ్మ వేలిముద్ర వేసింది. ఇంకేం అడగాలో, ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు. డాక్టర్లు చెప్పింది నిజమేనని జ్వరం చెబుతూనే ఉంది.

కిష్టయ్య బతికాడు.

సమ్మె ఆగి బస్సులు తిరగడం మొదలయ్యాక ఈరమ్మ దవాఖానకు వచ్చింది. మంచం మీద దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చాపలా పరుచుకుని ఉండటం చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. తర్వాత వచ్చి మంచం పట్టె పట్టుకుంది.

"ఎట్లయిందన్నా?"

యాదమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలో తేల్చుకునేలోగా కిష్టయ్య అన్నాడు:

"మేకు దిగింది చెల్లె."

"మేకా? చెప్పుల్లేవా కాలికి?"

"లేవు."

"నేను తెచ్చినవి?"

"ఏసుకోలే. నువ్వు పోయినంక ఇడిచేసిన. మనసొప్పలే."

యాదమ్మ మొగుడి ముఖం వైపు చూసింది. ఒట్టు కోసం పని మార్చుకున్నవాడు, కాలు కాల్చుకున్నవాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో అబద్ధమాడటం ఆమె చూడలేదు. కళ్ళు కూడా దించకుండా ఆడుతున్నాడు.

ఈరమ్మ పట్టె వదిలేసి ఏడ్చింది. ఏడుస్తూ తిట్టింది. "నేను తొడిగిన గదా నా చేతులతోని! ఆడదాని మాటని తీసేసినవా? నా మాట ఇంటే కాలుండేది గదరా అన్నా! గింత మొండితనమా!" పక్క మంచాలవాళ్ళు లేచి కూచున్నారు. కిష్టయ్య తల ఊపుతూ ఉన్నాడు. "అవు చెల్లె. తప్పు నాదే," అన్నాడు. "తప్పు నాదే."

ఆమె పోయాక యాదమ్మ మంచం పక్కన కూచుంది.

"గట్ల ఎందుకన్నవ్?"

"కొడుకు పోయినప్పటి సంది, నేనేం చేస్తే ఆపుదునో అని సస్తున్నది," అన్నాడు కిష్టయ్య. "ఇగ దీన్ని గూడ మోస్తదా? నువ్వెన్నడు చెప్పకు."

"నేను గూడ చూసిన ఆ చెప్పులను," అంది యాదమ్మ. "డాక్టరమ్మ చెప్పింది యాదికున్నది నాకు. చెప్పలే."

అతను ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

ఈరమ్మ ఊరికి పోయి అందరికీ చెప్పింది. మాఘం దాకా చుట్టాలు ఒక్కొక్కరే కొండాపూర్ వచ్చి చూసిపోయారు. వచ్చినవాళ్ళంతా అదే మాట. చెల్లె అంత ప్రేమతో కుట్టించుకొస్తే తొడుక్కోలేదటగా, మొండోడివి, చేజేతులా చేసుకుంటివి, పాపం ఈ ఆడమనిషికి ఎంత కష్టం తెచ్చిపెడితివి. వాళ్ళకు చాయ్ పోస్తూ యాదమ్మ వినేది. మొగుడు ఒప్పుకుంటూ ఉండేవాడు. తను మధ్యలో కలగజేసుకుని ఒక్క మాట అనడానికి లేదు.

చుట్టాలు లేచి పోయాక, ఆమె అతని ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ విడదీసి చూసేది.