కారుకు లేని జబ్బు

ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి ఆయన. పాఠం చెబుతున్నంతసేపూ "క్లచ్, క్లచ్" అని అరుస్తూనే ఉండేవారు కాబట్టి అందరికీ క్లచ్ మాస్టారయ్యారు. కన్నకూతురికి నేర్పినప్పుడైతే ఆ అరుపులకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. అంతటి మనిషి పోయిన వేసవిలో మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ వెళ్లే దారే మరిచిపోయి, వెళ్లకూడని వైపు నుంచి ఓ వీధిలోకి కారు తిప్పేశారు. ఎదురుగా బస్సు. వెంట్రుకవాసిలో తప్పింది. ఇంటికొచ్చి, ఆ బస్సు డ్రైవరుకు బుద్ధి లేదన్నారు.

"ఇక నువ్వు నడపొద్దు నాన్నా" అని ముఖాన చెప్పే ధైర్యం కూతురికి లేదు. అల్లుడికి అసలే లేదు. ఇద్దరూ కలిసి దొడ్డిదారి పట్టారు. తాళంచెవి పిడిలో వేలిగోరంత చిప్పు ఒకటి ఉంటుంది. కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజను నడుస్తుంది, లేదంటే అంటుకున్నట్టే అంటుకుని ఆగిపోతుంది. దొంగల కోసం చేసిన ఏర్పాటు. మామగారు కునుకు తీస్తుండగా అల్లుడు ఆయన తాళం పిడి విప్పి, చిప్పు తీసి భార్య చేతిలో పెట్టి, పిడి మళ్లీ మూసేశాడు. మాస్టారి కాలంనాటి బండ్లలో ఈ చిప్పుల గొడవ లేదు, ఆయనకు అనుమానం రాలేదు. మెకానిక్కును కూడా బతిమాలి తమ వైపు తిప్పుకున్నారు. అతను వచ్చి, "వైరింగు పోయిందండి మాస్టారూ, సామాను దొరకట్లేదు" అనేసి, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అబద్ధం ఆడటం తేలికే, దాన్ని మేపడమే కష్టం. అల్లుడు పనికి బస్సులో పోవడం మొదలుపెట్టాడు. చిప్పున్న రెండో తాళం ఎప్పుడూ అతని జేబులోనే. మాస్టారు క్షౌరానికి వెళ్లినప్పుడల్లా దొంగలా కారు తీసి, నాలుగు వీధులు తిప్పి, బ్యాటరీ చావకుండా చూసుకునేవాడు. మాస్టారు మాత్రం రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి చెవి ఒగ్గేవారు. వీధిలో పోయే బండి చప్పుడు విని రోగం చెప్పిన మనిషికి ఇంట్లో ఉన్న బండి రోగం అంతుపట్టలేదు. రానురాను ఆయన మాటే తగ్గిపోయింది. కూతురు అది చూసింది. చూసి కూడా ఊరుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో మనవరాల్ని కందిరీగ కుట్టింది. చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతులోంచి ఊపిరి ఈల వేసినట్టు రావడం మొదలైంది. ఆస్పత్రికి ఫోను చేస్తే, గొంతు వాస్తోంది, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నారు. అంబులెన్సు వంతెన అవతల ఇరుక్కుపోయిందట. రెండో తాళం జేబులో వేసుకుని అల్లుడు, ఇరుగుపొరుగు అందరూ పనుల్లోకి పోయారు, ఇళ్లకు తాళాలు. కూతురు వీధి చివరిదాకా పరిగెత్తి చూస్తే ఒక్క బండీ లేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి మాస్టారు పిల్లను కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ముందు కూర్చుని తాళం తిప్పుతున్నారు. ఇంజను అంటుకుంది, ఆగింది. మళ్లీ అంటుకుంది, మళ్లీ ఆగింది. ఆయన దిగి బానెట్ ఎత్తారు.

"ఒక్క క్షణం అమ్మాయ్. పట్టుకుంటాను. ఇవాళ కూడా పట్టుకోలేకపోతే నేనెందుకింక" అన్నారు.

ఆమె ఇంట్లోకి పరిగెత్తింది. కుట్టుమిషను సొరుగులోని బొత్తాల డబ్బా తీసి నేలమీద బోర్లించింది. చిప్పు అందులోనే వేసింది, కాని డబ్బా నిండా నల్ల బొత్తాలే. ఒక్కొక్కటీ ఏరుతుంటే కిటికీలోంచి పిల్ల ఊపిరి వినిపిస్తోంది. అది మధ్యమధ్యలో ఆగుతోంది. చివరికి చిల్లుల్లేని నలుసొకటి వేలికి తగిలింది.

"నాన్నా, బానెట్ వేసెయ్. కారుకేం కాలేదు. నీ తాళంలో ఉండాల్సింది ఇది. మేమే తీసేశాం."

మాస్టారు ఆమె అరచేతిలోకి చూశారు. బానెట్ మూశారు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని చిప్పును తాళం పక్కన ఆనించబోయింది. చెమట చేతిలోంచి అది జారి పెడళ్ల కిందికి పోయింది. తలుపు దగ్గర నిలబడ్డ మాస్టారు మోకాళ్లమీద కూలబడి, పట్టా కింద తడిమి, దాన్ని పట్టుకున్నారు. తన బొటనవేలితోనే తాళం దగ్గర అదిమిపెట్టారు.

"ఇప్పుడు తిప్పు."

ఇంజను అంటుకుంది. ఆగలేదు. ఏ తప్పూ లేని ఆ చప్పుడును మాస్టారు ఒక్క క్షణం విన్నారు. తర్వాత వెనక్కెళ్లి, పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, "పోనీ" అన్నారు.

పెద్ద కూడలిలో అడ్డంగా లారీ వస్తే ఆమె కంగారులో బ్రేకు తొక్కింది, ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. పిల్ల పెదాలు నీలం తిరుగుతున్నాయి. సీట్ల మధ్యలోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి ముందుకొచ్చి, చిప్పును మళ్లీ తాళానికి ఆనించింది.

"క్లచ్" అన్నారు మాస్టారు. అరవలేదు. "తొందరేం లేదు తల్లీ, ఊపిరి ఉంది, నేను చూస్తున్నాను. క్లచ్ తొక్కి తిప్పు." తొందర లేదన్న ఆ అబద్ధమే ఆమెను ఆస్పత్రి గుమ్మందాకా తీసుకెళ్లింది.

సూది మందు పడ్డాక పిల్ల ఊపిరి మెల్లమెల్లగా దారిలోకి వచ్చింది. ఇక భయం లేదని డాక్టరు చెప్పి వెళ్లాక, నడవాలో బల్లమీద తండ్రీకూతుళ్లిద్దరే మిగిలారు. ఆమెకు ఏడుపు ఆగడం లేదు.

"నాన్నా, ఆ బస్సు..."

"గుర్తుంది. తప్పు నాదే. ఆ పూటే తెలుసు నాకు."

కాసేపు ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

"కారు పాడైందని ఒక్కరోజు కూడా అనుకోలేదమ్మా. నేనే పాడయ్యాననుకున్నాను. చెవి పోయింది, చెయ్యి పోయింది, ఇక బుర్ర కూడా పోతుందని కూర్చున్నాను."

"అడిగితే ఇచ్చేవాడివా నాన్నా, తాళం?"

మాస్టారు నిజంగానే ఆలోచించారు.

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నారు. "ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ణి. అయినా నువ్వు అడగాల్సింది."