ఉతికిన దుప్పట్లకే ఉతుకుడు

ఆసుపత్రి లాండ్రీకి నన్ను పెద్దగా వేసిన రోజే డైరెక్టర్ గారు నన్ను పిండి ఆరేశారు.

“వార్డుల్లో దుప్పట్లు చాలడం లేదు. నెల టైమిస్తున్నా. అప్పటికీ ఇంతే అయితే ఉతుకుడంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తాం. మీ పద్నాలుగు మందీ వేరే పని చూసుకోవాలి.”

ఆ పద్నాలుగో మనిషిని నేనే. “చాలించేస్తాను సార్!” అన్నాను గట్టిగా. దుప్పట్లు చాలేలా చేస్తానని నా భావం. ఆయనకది రాజీనామాలా వినబడిందేమో, మొహం కాస్త విప్పారింది.

నాకు ముందున్న ముగ్గురు పెద్దలూ ఒకే వైద్యం చేశారు. కొత్త దుప్పట్లు కొన్నారు. కొన్న రెండు వారాలకే మళ్ళీ కరువు. మంచాలు మూడొందలు, దుప్పట్లు పన్నెండొందలు. అంటే మంచానికి నాలుగు. అయినా పొద్దున్నే ఫోను మోగేది, రోగి వట్టి రెగ్జిన్ మీద పడుకున్నాడని. పరుపు మీద దుప్పటి లేకపోతే పోయేది మా పరువే కదా!

మొదటి వారం యంత్రాల మీద అనుమానపడ్డాను. అవి నిక్షేపంగా తిరుగుతున్నాయి. రెండో వారం మనుషుల మీద పడ్డాను. “ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువ” అని అందరినీ ఉతికేశాను. యంత్రాల దగ్గర ముప్పయ్యేళ్ళుగా ఉన్న పెద్దాయన్ని అందరం ఆవిరి బాబాయ్ అంటాం. ఆయన నా చెయ్యి పట్టుకుని మాసిన బట్టల గదిలోకి లాక్కుపోయాడు.

“మమ్మల్ని ఉతికితే దుప్పట్లు తెల్లబడవురా అబ్బాయ్. ఇది చూడు.”

మాసిన మూటలోంచి ఒక దుప్పటి తీశాడు. మేం వేసిన ఇస్త్రీ మడత మడతలాగే ఉంది. దాని మీద ఎవరూ పడుకున్న ఆనవాలు లేదు. నడుమ మాత్రం టీ కప్పు అడుగంత గుండ్రటి మరక. ఇంకోటి తీశాడు. అదే మడత, అదే మరక.

“వచ్చేవాటిలో మూడో వంతు ఇలాంటివే.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం బాబాయ్?”

“అడిగినోడేడీ? ఎన్ని ఉతికావనే అడుగుతారు అందరూ.”

మూట మీద చీటీ చూశాను. ఐదో వార్డు. ఐదో వార్డు హెడ్ నర్సు మా అక్క. ఆసుపత్రిలో అందరికీ ఉద్యోగరీత్యా సిస్టర్, నాకు మాత్రం పుట్టుకరీత్యా. సిస్టమ్‌లో లోపం పట్టుకుందామని బయల్దేరితే సిస్టర్ దొరికింది!

వెళ్ళేసరికి అక్క బల్ల ముందు కూర్చుని, సాసర్లో టీ పోసుకుని, అందులో కప్పు అడుగు ముంచి, మడత దుప్పట్ల మీద ఠపాఠపా కొడుతోంది. పోస్టాఫీసు ముద్రలు కూడా అంత జోరుగా పడవు.

“ఏంటక్కా ఇది?”

“కనబడట్లేదా? దుప్పట్లు మాపుతున్నా.”

“ఉతికిన దుప్పట్లే!”

“ఉతికినవి కాబట్టే మాపాలి. మాసినవైతే నాకీ శ్రమెందుకూ?” అంది నా తెలివికి జాలిపడుతూ. “ఎన్ని మాసినవిస్తే అన్నే ఉతికినవి ఇస్తామని కదా మీ రూలు? నిన్న పద్దెనిమిది మంచాలే నిండాయి. పద్దెనిమిదే పంపితే నువ్విచ్చేవీ పద్దెనిమిదే. రేపు ముప్పై మందొస్తే తక్కిన పన్నెండుమందినీ నీ ఒళ్ళో పడుకోబెట్టుకుంటావా తమ్ముడూ?”

వెనకున్న బీరువా తెరిచాను. పైనుంచి కింది దాకా దుప్పట్లే.

“మరివి?”

“అవసరానికి.”

“ముప్పై మంది రావడం అవసరం కాదా?”

“అంతకంటే పెద్ద అవసరమొస్తే? అయినా అందరూ చేసేదే. మూడో వార్డు వాళ్ళు దగ్గు మందు పోస్తారు. మేం మర్యాదస్తులం, టీతో సరిపెడతాం.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే బుర్రా వెలిగింది. మరక దుప్పటి పరిచి, చీటీలు రాసే పెన్నుతో దాని మీదే గీశాను. దుప్పట్లు ఆలస్యమైతే వార్డులకి భయం. భయంతో దాపరికం, దొంగ మరకలు. మరకలవల్ల మాకు అదనపు ఉతుకుడు. దానివల్ల ఇంకా ఆలస్యం. గీత తిరిగి తిరిగి మొదటికే వచ్చి, అచ్చం అక్క కప్పు మరకలా కూర్చుంది. మా ముగ్గురు పెద్దలు కొన్న దుప్పట్లన్నీ ఆ గుండ్రంలో పడి బీరువాలకి చేరాయి.

డైరెక్టర్ గారికి చూపించాను.

“దాచినవాళ్ళ పేర్లివ్వండి. మెమోలిస్తాను.”

“మెమోలిస్తే బీరువాలకి తాళాలు పెరుగుతాయి సార్. పేరే కావాలంటే లాండ్రీ అని రాసుకోండి. మరకలు వేయించింది మా రూలే. అన్నట్టు, దాచినవాళ్ళలో మా అక్కా ఉంది. అందుకని చెప్పట్లేదనుకుంటారేమో, ముందే చెప్పేస్తున్నా.”

ఆయన గోడ మీది క్యాలెండర్ కేసి చూశారు. “ఇంకా పన్నెండు రోజులుంది” అన్నారు.

మర్నాడే రూలు ఎత్తేశాను. ప్రతి వార్డు అలమరలో ఒక ఎత్తున ఎర్ర టేపు అంటించాం. పొద్దునా సాయంత్రం మావాళ్ళే బండి తోసుకెళ్ళి టేపు దాకా నింపాలి. మాసినవెన్నని అడగకూడదు, నిన్నటివేమయ్యాయని అసలు అడగకూడదు. మాపితేనే ఇస్తామనే షరతు పోయింది కాబట్టి దొంగ మరకలు ఆగిపోయాయి. మూడో వంతు ఉతుకుడు తగ్గి, బళ్ళు వేళకి కదిలాయి.

అయినా మూడు రోజులు పొద్దున నింపిన అలమర మధ్యాహ్నానికి ఖాళీ.

“దాచుకుంటున్నార్రా!” అన్నాడు ఆవిరి బాబాయ్.

“దాచుకోనీ బాబాయ్. బీరువాకీ కడుపు నిండుతుంది. మనం నింపుతూనే ఉందాం.”

“మనదే అడుగంటితే?”

“ఆ లోపలే వాళ్ళకి నమ్మకం కుదురుతుంది.” పైకి ధీమాగానే అన్నాను. మా దగ్గర మిగిలినవి మాత్రం రెండు పూటలకి సరిపడా.

నాలుగో రోజు సాయంత్రం ఐదో వార్డు అలమర ఎర్ర టేపు దాటి పైకి పొంగింది. నేల మీద ఇంకో మూడు మూటలు.

“బీరువా ఖాళీ చేశాను” అంది అక్క అటు తిరిగి. “టీ కప్పులు పెట్టుకోడానికి చోటు లేక.”

రెండు రోజుల్లో మూడో వార్డు, తర్వాత తక్కినవీ. నాలుగొందల దుప్పట్లు బయటపడ్డాయి.

నెలాఖరున డైరెక్టర్ గారు వార్డు వార్డూ తిరిగారు. చంకలో బయటి కంపెనీ కాగితాలు. ప్రతి అలమరా టేపు దాకా నిండుగా ఉంది. ఐదో వార్డులో అక్క టీ ఇచ్చింది. తాగుతూ తాగుతూ ఆయన కప్పుని పక్కనున్న మడత దుప్పటి మీద పెట్టారు.

“అయ్యయ్యో సార్! తెల్లటి దుప్పటి మాపేశారు!” అని అక్క కేకేసింది. ముద్రలు కొట్టిన చెయ్యే అది, ఏమీ ఎరగనట్టు బుగ్గ మీద వేసుకుంది.

ఆయన గుండ్రటి మరకని చూసి, నన్ను చూసి, “లాండ్రీకి పంపండి” అన్నారు.

“ఏ లాండ్రీకి సార్?”

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఏ లాండ్రీ ఏంటయ్యా, మన లాండ్రీకే!”