ఖాడీకి వదిలిన జాగా

మా ఇంట్లో మగవాళ్లకు సాంచా ముందు, మనిషి తరవాత. కోపంతో అంటున్నాననుకుంటారేమో, కోపంతోనే అంటున్నాను.

మావాళ్లు బతకడానికి వలసొచ్చిన లింబాయత్‌లో, ఖాడీ అనే వాగు ఒడ్డున మాది రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా రెండు మర మగ్గాలు, వాటినే మేము సాంచాలంటాం. వెనక గదిలో నేను, మా ఆయన లింగమూర్తి, మా పాప, మా మామ బుచ్చిరాములు. కరోనా వచ్చిన ఏడాది ఆగస్టు వానల్లో మామకు జ్వరం తగిలి పాజిటివ్ అని తేలింది. ఆసుపత్రిలో మంచాలు లేవు. ఊపిరి బాగానే ఆడుతోంది కాబట్టి ఇంట్లోనే వేరే గదిలో ఉంచమన్నారు. వేరే గదట, మా కొంపలో!

నాకు ఒకటే తోచింది. లాక్‌డౌన్ నుంచి సాంచాలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఒకటి విప్పేస్తే మామకు మంచం పడుతుంది. మధ్య తలుపు మూసుకుని మేము వెనక గుమ్మం నుంచి తిరగొచ్చు. కానీ రెండింటి మీదా పడుగు సగం నేసి ఉంది. పడుగెక్కిన సాంచాను తాకా, అంటే బట్ట చుట్ట, పూర్తి కాకుండా విప్పడం మావాళ్లలో లేదు. పడుగు కోస్తే ఇల్లు నిలవదని భయం. నేను మాట ఎత్తగానే, మూలుగుతున్న మామే లేచి కూర్చుని వద్దన్నాడు. తండ్రీకొడుకులు ఒకటైతే నా మాట వినేదెవరు?

మా ఆయన చూపు ఇంటి వెనక్కి పోయింది. ఖాడీ వెంబడి మున్సిపాలిటీవాళ్లు రాళ్లు పాతారు. ఆ రాళ్లకూ నీళ్లకూ మధ్య చోటు ఖాడీదే. అక్కడ ఏమీ కట్టకూడదు, మట్టి పోయకూడదు, తుంగ కోయకూడదు. ఆ తుంగలో నీటికోళ్లు గుడ్లు పెట్టేవి. వరద వచ్చిననాడు నీళ్లు మా మీదికి రాకుండా అక్కడే పరుచుకునేవి. ఎంత ఇరుకులో బతుకుతున్నా మా గల్లీలో ఎవరూ రాళ్లు దాటలేదు. మా ఆయన దాటాడు. తుంగ కోసి, ఇటుక ముక్కలు పోసి చదును చేసి, పైన రేకుల గది లేపి మామను అందులో పెట్టాడు.

వార్డు ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, తీసేయండని మర్యాదగానే చెప్పింది. ముసలాయన్ని ఎక్కడ పెట్టాలో నువ్వే చూపించమని మా ఆయన హిందీలో నిలదీశాడు. ఆ పిల్ల కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. జవాబు నా దగ్గర ఉంది, నన్ను చెప్పనిస్తేగా.

ఆ వారంలోనే ఎగువన వాన దంచికొట్టింది. ఒక మధ్యాహ్నం మా ఆయన మందుల కోసం వెళ్లాడు. నేను గంజి పట్టుకుని వెనక గుమ్మం తీశాను. రాళ్లు కనబడలేదు. ఎర్రటి నీళ్లు రేకుల గదిని చుట్టేశాయి. కింద పోసిన ఇటుక ముక్కలు కొట్టుకుపోతుంటే గది ఖాడీ వైపు ఒరిగింది.

గంజి అక్కడే పడేసి, పాపను లోపల పెట్టి గొళ్లెం వేసి దిగాను. నీళ్లు నడుము దాకా వచ్చాయి. గది ఒరగడంతో తలుపు బిగుసుకుపోయింది, ఎంత లాగినా రాలేదు. లోపల మామ మంచం మీద నిలబడి దగ్గుతున్నాడు.

"నన్ను ముట్టకు బిడ్డా. ఇంట్ల పసిపోరి ఉన్నది. పో."

"జర నోరు మూసుకో మామా," అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని అంత మాట అనడం అదే మొదలు.

రేకు అంచు పట్టి గుంజాను. అరచెయ్యి చీరుకుపోయింది. అంతలో మా ఆయన వచ్చి నీళ్లలోకి దూకాడు. ఇద్దరం కలిసి రేకు ఊడబీకి మామను బయటికి లాగాం. గట్టెక్కామో లేదో, గది ఫెళ్లుమని కూలి మంచంతో సహా ఖాడీలో కొట్టుకుపోయింది.

ఇంటిని చుట్టుకుని ముందు గుమ్మం దగ్గరికి తెచ్చాం. మామ పళ్లు టకటకలాడుతున్నాయి. లోపలికి రమ్మంటే రాడు. పాప ఉంది, రానంటాడు. వానలో అరుగు మీద కూలబడ్డాడు. మా ఆయన గోడకు ఆనించిన మిగిలిన రేకుల వైపు చూశాడు.

"నీళ్లు తీసినంక గా రాళ్ల పొంటే, జర ఎత్తుల మళ్ల రేకులేస్త," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి కత్తెర తీశాను. మా ఆయన పరుగున వచ్చి సాంచాకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దే ఊర్మిళా. ఇల్లు ఆగమైతది."

"ఇల్లెక్కడున్నదయ్యా? ఇంటి పెద్ద వానల ఉన్నడు."

ఆయన కదల్లేదు. అరుగు మీద నుంచి మామ గొంతు వచ్చింది, దగ్గుతో తెగి తెగి.

"జరుగు, లింగమూర్తీ. బిడ్డను కొయ్యనియ్యి."

మా ఆయన పక్కకు జరిగి గోడకు మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ సాంచాల ఇంట్లో పుట్టినదాన్నే, ఆ భయం నాకూ ఉంది. బిగువుగా ఉన్న పోగుల్లో కత్తెర పెట్టాను. అవి తెగి వదులుగా కిందికి వాలుతుంటే నాకూ ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆ కొస దాకా కోశాను.