పడకగది కొలత

నేను ఒక కొలత టేపుని. ఐదు మీటర్ల ఉక్కు పట్టీని, పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలో చుట్టుకుని పడుకుంటాను. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒక కర్మాగారంలో రేకును సన్నగా కోసి, అంకెలు అచ్చువేసి, లోపల స్ప్రింగు బిగించి, కొసన చిన్న కొక్కెం తగిలించారు. ఆ తరవాత విజయవాడ గవర్నరుపేటలో ఒక హార్డ్‌వేర్ దుకాణం గోడకి ఎనిమిది నెలలు వేలాడాను.

నన్ను కొన్నది వీరాచారి అనే వడ్రంగి. ఆయనతో ఆరేళ్లు తలుపులూ ద్వారబంధాలూ కొలిచాను. ఒక్క నూలు తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. మనుషులు తలుపుల కోసం పడే తాపత్రయమంతా అప్పుడే చూశాను. టేకు కావాలంటారు, ఇత్తడి గడియ కావాలంటారు, పైనొకటి కిందొకటి తాళాలంటారు. తీరా ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాక, ఫోన్ చేసిన ప్రతివాడికీ అవే తలుపులు బార్లా తెరిచి రమ్మంటారు.

కంటికి శుక్లాలొచ్చి వీరాచారి పని మానేసినప్పుడు, ఆయన పనిచేసే ఇళ్లకి వస్తూపోతూ నన్ను అరువడిగే ఇందుమతి చేతిలో పెట్టాడు. "వచ్చినప్పుడల్లా అడుక్కుంటున్నావుగా, ఇక నువ్వే ఉంచుకో తల్లీ" అన్నాడు.

ఇందుమతి పని ఇళ్లు చూపించడం. ఒకప్పుడు కుట్టుపని నేర్పేది. భర్త నుంచి విడిపోయాక తల్లితో కలిసి పాయకాపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, పూర్ణచంద్రరావు అనే ఆయన ఇళ్ల అమ్మకాల ఆఫీసులో చేరింది. ఆమెకి నలభై మూడేళ్లు. ఇంట్లోకి వెళ్లగానే ముందు వంటగది కిటికీ తెరిచేది. వెలుతురు పడితే ఆడవాళ్లు సగం ఒప్పుకున్నట్టేనని ఆమె నమ్మకం. ఏ గదిలోకైనా కొనడానికి వచ్చినవాళ్లను ముందు పంపి తను వెనక నడిచేది. వీధి తలుపు మూయనిచ్చేది కాదు. వెళ్లేముందు తల్లికి ఫోన్ చేసి ఎక్కడికి వెళుతోందో చెప్పేది.

ఒకసారి ఒక పెద్దమనిషి ఖాళీ ఇంట్లో గంటసేపు కదలకుండా, ఇంటి సంగతి వదిలేసి ఆమె సంగతులు అడుగుతూ కూర్చున్నాడు. మర్నాడు ఆమె ఆఫీసులో అడిగింది.

"సార్, ఖాళీ ఇళ్లకి ఒక్కదాన్నే వెళ్లాలంటే గుండె దడగా ఉంటోంది. ఇంకొకరిని తోడు పంపించండి."

"ఇద్దరూ ఒకే ఇంటికి వెళితే మిగతావి ఎవరు చూపిస్తారమ్మా?" అన్నాడు పూర్ణచంద్రరావు. "ఇన్నేళ్లుగా చేస్తున్నావు. నీకు మనిషిని చూస్తేనే తెలిసిపోద్ది."

ఆ మాట మెచ్చుకోలులా వినిపించింది. ఆమె మళ్లీ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వాడు వచ్చాడు. ఊరి చివర కొత్తగా కట్టిన అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. ఆ అంతస్తులో ఇంకా ఎవరూ దిగలేదు. వచ్చినవాడికి నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు. చెప్పులు బయటే విడిచాడు. కృష్ణా నీళ్లు వస్తాయా, బోరేనా అని అడిగాడు. ఈశాన్యం మూల చూసి తలాడించాడు.

"మా ఆవిడ ఆటోలో వస్తోందండీ. ఆవిడ వచ్చేలోపు ఒక్క పని చేద్దాం. మా మంచం చాలా పెద్దది, పుట్టింటివాళ్లు చేయించింది. పడకగదిలో పడుతుందో లేదో కొలుద్దామా?"

ఇందుమతికి ఆ మాట నచ్చింది. మంచం గురించి అడిగినవాళ్లు కొంటారని ఆమె అనుభవం. సంచిలోంచి నన్ను తీసింది.

"మీరు ఆ బాల్కనీ పక్క గోడ దగ్గర కొస పట్టుకోండి మేడం. నేనిక్కడ అంకె చూస్తాను."

కొలవడానికి ఇద్దరు కావాలి. అందుకే ఎప్పుడూ గుమ్మం దగ్గర నిలబడే మనిషి గది చివరిదాకా నడిచింది. కొక్కెం గోడకి ఆనించి వంగింది. నా డబ్బా వాడి కుడిచేతిలో ఉంది. ఎడంచేత్తో వాడు వెనక నుంచి తలుపు మూశాడు.

"పదమూడు అడుగుల రెండంగుళాలండీ!" అని గట్టిగా అన్నాడు. ఆ కేకలో గడియ చప్పుడు కలిసిపోతుందనుకున్నాడు. కలవలేదు.

ఇందుమతి తిరిగి చూసింది. వాడి ముఖం ఇంకా మర్యాదగానే ఉంది. ఆమె వేళ్లు సడలాయి. స్ప్రింగు నన్ను ఒక్క ఊపున లాగింది. పట్టీ అంచు వాడి బొటనవేలి మొదలును లోతుగా కోసింది. అది నా ధైర్యం కాదు, నా తయారీ అలాంటిది. వాడు నన్ను నేలకేసి కొట్టాడు.

ఆ తరవాత ఆమె మీదికి ఉరికాడు. పలకల మీద పడి ఉన్న నాకు పాదాలే కనిపించాయి. ఆమె మడమలు నేల మీంచి లేచాయి. చెవి కమ్మ ఒకటి రక్తంతో నా పక్కన పడింది. మెడలో గొలుసు తెగిన చప్పుడు వినిపించింది. గొలుసు దొరికాక వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. ఆమె గొంతులోంచి వచ్చే శబ్దం సన్నబడుతూ పోయింది. ఉన్నట్టుండి వాడు కీచుమన్నాడు. తెగిన చేతినే ఆమె కొరికింది. పడుతూ లేస్తూ బాల్కనీ తలుపు గడియ లాగి కడ్డీల మీద వాలింది. అరవబోయింది గానీ గొంతు పెగల్లేదు. చేతులు మాత్రం ఊపింది.

ఎదురుగా కడుతున్న మేడ మీద, శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన ఎర్రమ్మ అనే కూలి మనిషి అన్నం తింటోంది. తలెత్తి చూసింది.

"ఓలమ్మో! ఆ యమ్మని సంపేత్తన్నాడ్రో! పరిగెట్టండ్రో!"

ఆమె విసిరిన ఇటుక ముక్కకి బాల్కనీ అద్దం భళ్లున పగిలింది. వాడు పారిపోయాడు. ఎర్రమ్మ నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, తన తలగుడ్డ విప్పి ఇందుమతి చెవికి అదిమిపట్టి, పోలీసులు వచ్చేదాకా ఆమెను ఒళ్లోంచి దింపలేదు.

పోలీసులు నన్ను ప్లాస్టిక్ కవరులో వేసి మూతికి లక్క సీలు వేశారు. ఆసుపత్రికి వచ్చిన పూర్ణచంద్రరావు, "ప్రాణం దక్కింది కదమ్మా, కేసు దేనికి? ఆ ఇంటికి చెడ్డపేరు వచ్చుద్ది" అన్నాడట. ఇందుమతికి మాట రావడం లేదు. ఎస్సై చేతిలో కాగితం వైపు చూపించి, రాసుకోమని సైగ చేసింది.

రెండు నెలలకి వాడు వేరే ఊళ్లో, వేరే పేరుతో దొరికాడు. నా అంచున ఎండిన రక్తం వాడిదేనని తేలింది. దాంతో ఇంకొకటి కూడా తేలింది. అంతకుముందు ఏడాది పక్క జిల్లాలో సరళ అనే ఆమె ఇలాగే ఇల్లు చూపించడానికి వెళ్లి తిరిగి రాలేదు. మూడో రోజు ఖాళీ ఇంట్లో శవమై కనిపించింది. ఆమె గోళ్లలో దొరికిందీ వీడి రక్తమే.

కోర్టులో వాడి తరఫు ప్లీడరు ఇందుమతిని అడిగాడు. "ముక్కూమొహం తెలియని మగవాడితో ఖాళీ ఇంట్లోకి ఒంటరిగా ఎందుకు వెళ్లారు?"

ఇందుమతి గొంతు ఇప్పటికీ బొంగురే. "ఇల్లు చూపించమన్నాడు. అది నా ఉద్యోగమండీ" అంది.

"మీకు అనుమానం రాలేదా?"

"చెప్పులు బయట విడిచి వచ్చాడండీ. ఏమని అనుమానపడను?"

వాడికి శిక్ష పడింది. నేనిప్పుడు కోర్టు సామాన్ల గదిలో, మెడకి నంబరు చీటీతో, తుప్పు కత్తుల మధ్య ఉన్నాను. కొలవడానికి ఇక్కడేమీ లేదు. తీర్పు రోజు నాకు అంతగా గుర్తులేదు. గుర్తున్నది దానికి ముందు వాయిదా.

ఆ రోజు జడ్జిగారు ఇంకా రాలేదు. నన్ను బల్ల మీద పెట్టారు. ముందు బెంచీలో ఇందుమతి, ఆమె పక్కన సరళ చెల్లెలు హైమ. అక్క కేసు వేరే కోర్టులో నడుస్తున్నా ఆ పిల్ల ప్రతి వాయిదాకీ బస్సెక్కి వచ్చి, ఇందుమతి పక్కనే మాటాపలుకూ లేకుండా కూర్చునేది. ఆ రోజు మాత్రం నోరు విప్పింది.

"వాడు మీతో ఎలా మాట్లాడాడండీ?"

"చాలా మర్యాదగానమ్మా."

"అక్కతో కూడా అలాగే మాట్లాడి ఉంటాడు కదండీ? అయితే అక్క... మరీ ఎక్కువసేపు భయపడి ఉండదు కదా?"

ఇందుమతి చెయ్యి తన మెడ మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

"లేదమ్మా. అసలు భయపడే వ్యవధే ఉండదు. ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుంది."

ఆ పిల్ల ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇందుమతి గోడ వైపు చూస్తూ ఆమె వీపు నిమిరింది.

ఆ పడకగదిలో నేనూ ఉన్నాను. అది ఒక్క క్షణం కాదు. అంకె తప్పు చదివినవాళ్లను ఎంతోమందిని చూశాను. ఇందుమతి చెప్పినదాన్ని మాత్రం సరిదిద్దాలని నాకు అనిపించలేదు.