ఓటేశాక ఎటు?

మౌలెకి తాత బుట్టను అబీలియో మేస్త్రీ కాలితో తన్నాడు. ఎర్రగా పండిన కాఫీ కాయలు బాటంతా దొర్లాయి. చుట్టూ ఊరి జనం ఉన్నారు.

“ఎవర్నడిగి కోశావు తాతా?”

“ఎవర్నడగాలి? చెట్టు నాటింది నేనే గదరా.”

“నాటినందుకు మా దొర వాళ్ళ తాత నీకప్పుడే కూలిచ్చాడు.”

“ఇచ్చాడు. వీపు మీద ఇచ్చాడు.”

కొందరు నవ్వారు. మేస్త్రీ మనుషులు నవ్వలేదు. గుంజలు పాతుకుంటూ, ముళ్ళతీగ లాగుకుంటూ తోట అంచునే సాగిపోయారు. జనంలోంచి దియోలిందా అనే ఆవిడ వంగి కాయలు ఏరబోయింది. ఒకడు బూటుకాలితో వాటిని నేలకేసి రాశాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. కోపం రాలేదు. అలుపు వచ్చింది.

తిమోర్‌లోని ఎర్మెరా కొండల్లో ఆ తోట బలమున్న వాడిదే అవుతూ వచ్చింది. పోర్చుగీసు వాళ్ళ కాలంలో తెల్మో దొర తాత కొండంతా చుట్టబెట్టాడు. తర్వాత ఇండోనేషియా సైన్యం వచ్చి, కాయకు ధర తనే చెప్పి తనే కొనుక్కుంది. సైన్యాన్ని పొమ్మని తిమోర్ జనం ఓటేస్తే, పోతూ పోతూ ఇళ్ళు తగలబెట్టింది. బూడిదలోంచి లేచిన కుటుంబాలు పొదలు కొట్టి, తీగలు నరికి, తోటను మళ్ళీ కాపుకు తెచ్చుకున్నాయి. అప్పటినుంచి ఆ కాయలే వాళ్ళకు ఉప్పు, సబ్బు, పిల్లల చదువు. దేశం చల్లబడిందని తెలిసి తెల్మో దొర ఇప్పుడు లిస్బన్ నుంచి దిగాడు. తోట తన తాతదని, తనదని అన్నాడు.

సాయంత్రం కప్పు కాలిపోయిన బడిలో ఊరు కూడింది. యుద్ధకాలంలో అడవిలోని పోరాట దళాలకి కబుర్లు మోసిన ఫెలిస్మినో ముందుగా లేచాడు.

“ఆదివారం దాకా ఓర్చుకోండి. ఓటేసి మన మొదటి ప్రెసిడెంటుని ఎన్నుకుంటాం. మొదటి ఓటుకి సైన్యం పోయిందా లేదా? ఈ ఓటుకి దొర పోతాడు.”

“మొదటి ఓటుకి నా ఇల్లు కూడా పోయింది. అది చెప్పవేం?” అంది బిసోయి అవ్వ, వక్క నములుతూ.

“నిరుడు కొత్త దేశానికి చట్టం రాసేవాళ్ళకి ఓటేశాం,” అంది దియోలిందా. “ఆ చట్టంలో మన తోట సంగతుందా తమ్ముడూ?”

“ఉండే ఉంటుంది.”

“చదివావా?”

“అది పోర్చుగీసులో ఉందక్కా.”

నవ్వడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. దియోలిందా గోడకు ఆనుకుని కూర్చుంది. వచ్చే నెల స్వాతంత్ర్యం జెండా ఎగరేస్తారట. ఆ జెండా కోసం అడవికి పోయిన ఆమె మొగుడి ఎముకలు ఏ లోయలో ఉన్నాయో ఇంకా తెలియదు. ఆదివారం దాకా ఆగుదామని చివరికి అంతా అన్నారు. నిజానికి వాదించే శక్తి లేకే అన్నారు.

ఆదివారం పొద్దు పొడవకముందే బడి ముందు వరుస కట్టారు. ప్రతి మనిషి దగ్గరా ఒక మూట. చాప, వంటగిన్నె, కర్రపెండలం, కత్తి. కొందరి చంకలో కోళ్ళు. రాజధాని దిలీ నుంచి వచ్చిన ఒతీలియా అనే కాలేజీ అమ్మాయి ఆ బూత్‌లో పని చేస్తోంది. ఆమె బిసోయి అవ్వను గుమ్మం దగ్గర ఆపింది.

“ఈ మూటలేంటవ్వా? బయట పెట్టి రండి.”

“బయట పెడితే కొండమీదికి నువ్వు మోసుకొస్తావా?”

“కొండమీదికెందుకు?”

“ఓటేశాక పారిపోవద్దా?”

ఒతీలియా నవ్వబోయి, వరుస పొడవునా ఉన్న మూటలు చూసి ఆగిపోయింది.

“ఈసారి ఎవరూ తగలబెట్టరవ్వా.”

“అప్పుడూ ఇట్లాగే చెప్పారు తల్లీ, నీలాగే మెడలో కార్డేసుకున్నోళ్ళు.”

“నిరుడు ఓటేసినప్పుడు ఏం కాలేదుగా?”

“నిరుడు దొర లేడు.”

దియోలిందా వంతు వచ్చింది. చేతిలో పెట్టిన కాగితం మీద రెండు ముఖాలున్నాయి. ఆమె రెండిటినీ మార్చి మార్చి చూసింది.

“అమ్మాయ్, తోట మాకిచ్చేది ఇందులో ఎవరు?”

“ఎవరికెయ్యాలో నేను చెప్పకూడదత్తా. ఇది ప్రెసిడెంటు కోసమే.”

“మరి తోట కోసం ఓటెప్పుడు?”

“దానికి ఓటుండదు. భూముల చట్టం రావాలి, ఆఫీసు రావాలి, కోర్టు రావాలి.”

“అవన్నీ వచ్చేలోగా కాయ రాలిపోదూ?”

ఒతీలియా గొంతు తగ్గించింది. “మా నాన్నా కాఫీ కూలే అత్తా. ఏం చెయ్యాలో నాకూ తెలీదు.”

దియోలిందా గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేసి బయటికొచ్చింది. ఓటేసిన వాళ్ళంతా మైదానంలో మూటల పక్కన కూర్చుని రోడ్డు వైపే చూస్తున్నారు. అప్పటిలా సైన్యం లారీలు రాలేదు. ఎక్కడా పొగ లేవలేదు. అయినా ఎవరూ మూట విప్పలేదు.

“ఇళ్ళకి పోదాం పదండి,” అన్నాడు ఫెలిస్మినో.

“పోయి?” అంది బిసోయి అవ్వ. “కంచె ఇవతల కూర్చుని కాయలు లెక్కపెట్టుకుందామా?”

దియోలిందా మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

“బతుకంతా కొండలోకి పరిగెత్తాను. ఇక నావల్ల కాదు. తోటలోకైతే నడవగలను.”

మూట నెత్తికెత్తుకుని బయల్దేరింది. వెనక్కి చూడలేదు. కాసేపటికి వెనక గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత కోళ్ళ అరుపులు. మైదానం మొత్తం ఆమె వెనకే నడిచి వస్తోంది.

కంచె దగ్గర కాపలా వాళ్ళు ఇద్దరే ఉన్నారు. జనాన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. ఊరివాళ్ళు గుంజలు పీకారు, తీగ చుట్టి పక్కన పెట్టారు. చెట్ల నీడన చాపలు పరిచారు. కొందరు కాయల మీద చెయ్యేయబోతే మౌలెకి తాత ఆపాడు.

“కోస్తే లాక్కుంటారు. కట్టడి కడదాం.”

గుంజ పాతి, దానికి దున్న కొమ్ము, తాటాకు కట్టి, తాతముత్తాతల పేర్లు పిలిస్తే అది కట్టడి. పెద్దలు కూడి విప్పేదాకా ఆ చెట్ల కాయ ఎవరూ ముట్టకూడదు. దొరైనా, ఊరైనా.

“మనమూ కోయొద్దా?” అన్నాడు ఫెలిస్మినో. “మరేం తింటాం?”

“కర్రపెండలం.”

“ఇప్పుడూ అదే గదా తాతా. పిల్లల మొహాలు చూశావా?”

చాలాసేపు వాదించుకున్నారు. తల్లులు కొందరు ఏడ్చారు. చివరికి దియోలిందా అంది: “మనకి ఆకలి అలవాటే తమ్ముడూ. దొరకి లేదు. కాయ రాలుతుంటే ఎన్నాళ్ళు చూస్తాడో చూద్దాం.”

గుంజ పాతారు. తాత పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ వచ్చి దాన్ని ముట్టుకున్నారు. అందరికంటే చివర ఫెలిస్మినో ముట్టుకున్నాడు.

మర్నాడు అబీలియో పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. సార్జెంటు కొత్త యూనిఫాం మడతలు ఇంకా పోలేదు.

“పీకెయ్,” అన్నాడు మేస్త్రీతో.

అబీలియో కొమ్ము వైపు చూశాడు. పిలిచిన పేర్లలో అతని తాత పేరూ ఉంది.

“నాకు జీతమిచ్చేది తోట కాయడానికి సార్. దీన్ని పీకడానికి కాదు.”

“ఇప్పటికి గుర్తొచ్చిందిరా మీ తాతెవరో,” అంది బిసోయి అవ్వ.

కానిస్టేబుళ్ళూ ఆ కొండల పిల్లలే. వాళ్ళు బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. సార్జెంటు జనం మీద పడ్డాడు.

“ముందు నడిచిందెవరు?”

“నేను,” అంది దియోలిందా. “మోకాళ్ళ నొప్పి, మెల్లగా నడిచాను. అందుకే అందరూ కలిశారు.”

ఆమెను జీపెక్కించారు. జీపు కదిలిన కాసేపటికే ఆమె నిద్రపోయింది.

గ్లెనో పోలీసు స్టేషన్‌లో ఆమెను కిటికీ ఉన్న గదిలో పెట్టారు. సార్జెంటు పూటపూటా వచ్చి అదే మాట అన్నాడు. “కట్టడి విప్పించు, ఇంటికి పో.” ఆమె కూడా అదే మాట అంది. “అది నా ఒక్కదాని చేతిలో లేదు బాబూ. అందరి చెయ్యీ పడింది.”

ఓట్ల లెక్కింపు ముగిసిన సాయంత్రం కిటికీ బయట అలికిడైంది. తన ఊరివాళ్ళేమో అనుకుంది. కాదు. ఎవరో తెలియని మనుషులు, ఎర్రమట్టి కొట్టుకున్న కాళ్ళు. ఒక ఆడమనిషి ఊచలు పట్టుకుంది.

“కంచె తీసింది నువ్వేనా అక్కా?”

“మేమంతా.”

“మా తోటకీ కంచె వేస్తున్నారు. వేయించేవాడు వేరే దొర. కట్టడి కట్టే పద్ధతి తెలిసిన మా పెద్దలంతా యుద్ధంలో పోయారు. ఎట్లా కడతారో చెప్తావా?”

పక్క గదిలో రేడియో ప్రెసిడెంటు పేరు చెప్పింది. పోలీసులు చప్పట్లు కొట్టారు. సార్జెంటు సౌండు పెంచాడు. దియోలిందాకు పడుకోవాలని ఉంది. బల్లను కిటికీ దగ్గరికి ఈడ్చుకుని కూర్చుంది.

“ఈ గోలలో వినపడదు, దగ్గరికి రండి,” అంది. “గుంజ సంగతి తర్వాత. కోయకుండా ఎన్నాళ్ళు ఉండగలరు? ముందు మీలో మీరు అది తేల్చుకోండి.”